ఒకటి నుంచి ఐదు దాకా

మైనస్ సున్నా పాయింట్ నాలుగు అంటే నలభై శాతం కాదు, ఎన్నిసార్లు చెప్పానో ఈ మనిషికి, నిన్న ఫోనులో చెప్పాను, పొద్దున కారులో చెప్పాను, ఈ మెట్లెక్కుతూ మళ్ళీ చెప్పాను, సరే సరే అన్నాడు, ఇప్పుడు లోపల నలభై శాతం అనే చెబుతూ ఉంటాడు. తలుపు మూసి ఉంది. మాటలు తెలియడం లేదు గానీ గొంతు తెలుస్తోంది, ఆ తూగు నాకు బాగా అలవాటు, అసలు మాట వచ్చే ముందు ఆగుతాడు, కళ్ళజోడు తీస్తాడు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరినీ ఒకసారి కలియజూస్తాడు, అప్పుడు వదులుతాడు. స్వెతోజార్ మా పరిశోధన సంస్థకి డైరెక్టరు. చెప్పడం అతని పని, లెక్క కట్టడం నా పని, ఎవరికైనా అనుమానం వస్తే పిలుస్తారని నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. అనుమానం ఎవరికి వస్తుంది, శాతం అన్న మాట చెవిన పడగానే మనుషులకి కడుపు నిండినట్టు ఉంటుంది. గనులు మూతపడిన లోయలో ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ళ ఇళ్ళకి నర్సు వెళ్ళి రావడం ఇక ముందు ఉండాలా వద్దా, ఆ సంగతి ఇవాళ ఈ గదిలో కమిటీ వాళ్ళు చేతులెత్తి తేలుస్తారు. నా గుణకం, ఆ మైనస్ సున్నా పాయింట్ నాలుగు, వద్దంటోంది. నర్సు వెళ్ళిన ఇళ్ళలో మనసు కుంగుతోందనీ, వెళ్ళడం మానేసిన ఇళ్ళలో తేరుకుంటోందనీ అంటోంది. నర్సుని చూస్తే రోగం గుర్తొస్తుంది, అంతే, అని స్వెతోజార్ దానికొక కారణం కూడా కట్టాడు. నాకు ఆ కారణం నచ్చలేదు, కానీ లెక్కలో తప్పు దొరకలేదు, దొరకనప్పుడు ఏం చేస్తాం, సంతకం పెట్టాను.

రేడియేటరు వేడికి వీపు కాలుతోంది, ఎదురుగా కిటికీ బయట నవంబరు వాన, చెట్లు నల్లగా తడిసి నిలబడ్డాయి. నాలుగు పదోవంతులు, దేంట్లో నాలుగు పదోవంతులు, అది ఒక్కడూ అడగడు. మీకెలా ఉంది అని అడిగితే మనిషి ఒకటో రెండో మూడో చెబుతాడు, ఆ అంకెలు మెట్లు, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు ఎంతో ఎవరూ కొలిచింది లేదు, మూడు నుంచి నాలుగుకి అరంగుళం ఉండొచ్చు, ఒకటి నుంచి రెండుకి పాతాళమంత ఉండొచ్చు. అందుకని మేం ఏం చేస్తామంటే ఆ జవాబు వెనక కనపడని నేల ఒకటి ఉందనుకుంటాం, ఎక్కడా తెగకుండా సాగే నేల, మనిషి దాని మీద ఎక్కడో నిలబడి ఉంటాడు, అక్కడక్కడా గడపలుంటాయి, గడప దాటినప్పుడే రెండు అన్నవాడు మూడు అంటాడు. గడప దాటకుండా ఎంత జారినా మనకి తెలియదు. గుణకం చెప్పేది ఆ నేల మీది కదలిక గురించి, అదీ జనం ఆ నేల మీద ఎంత చెదిరి ఉన్నారో దాన్ని కొలబద్దగా పెట్టుకుని. శాతం లేదు, మెట్టు లేదు, ఆ నేలని చూసినవాడూ లేడు. మా అమ్మని ఎప్పుడు అడిగినా ఒకటే మాట, నడుస్తోందిలే అనేది. తుంటి విరిగినప్పుడూ నడుస్తోంది, నాన్న పోయిన వారమూ నడుస్తోంది, ఆసుపత్రిలో ఆఖరి ఆదివారం దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ అదే మాట. ఐదు మెట్లలో అది మూడో మెట్టు. నా మోడల్లో అమ్మని పెడితే జీవితమంతా మూడు మీదే కూర్చుని చచ్చిపోయి ఉండేది. నేను తనని సరిగ్గా అడగలేదేమో, అడగడమే నా వృత్తి.

బెంచీ రెండో చివర ఆవిడ వచ్చి చాలాసేపయింది. నల్ల కోటు, తడి బూట్లు, ఒళ్ళో గుడ్డ సంచి. బ్లజెనా, ఆ లోయ నర్సు, ఇన్నేళ్ళూ ఆ ఇళ్ళన్నీ తిరిగింది ఈవిడే. మాట్లాడనిస్తారేమోనని వచ్చిందట, జాబితాలో పేరు లేదన్నారట, అయినా వెళ్ళిపోలేదు. నా మీద కోపంగా ఉంటే బాగుండును, లేదు, మంచినీళ్ళు కావాలా డాక్టరమ్మా అని అడిగింది, నాకు ఒళ్ళు మండింది, మందుల డాక్టర్ని కాను నేను అందామనుకున్నాను, అనలేదు. ఇప్పుడు సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పుతోంది, గసగసాల రొట్టె, ఇంట్లో చేసింది, తీసుకోండి అంటోంది. మా వైపు దీన్ని క్రిస్మస్‌కి చేస్తారు, లేదంటే ఎవరైనా పోయినప్పుడు. ఎవరు పోయారు అని అడిగాను, మర్యాదకే అడిగాను. నిన్న వీష్నా బన్యా ఊళ్ళో పూడ్చి వచ్చామంది, ఇమ్రిఖ్ బాబాయి అనీ, గనిలో తొట్టి దించే యంత్రం నడిపేవాడు, ఊపిరితిత్తుల్లో అంతా ధూళే, భార్య పోయి చాలాకాలం, కుక్క ఒకటి తోడు. సంవత్సరం కిందటి దాకా తను వెళ్ళి పీల్చే మందు ఇచ్చి, ఛాతీ విని, కాసేపు కూర్చుని వచ్చేదట. ఆ తర్వాత వాళ్ళ ఊరికి ఆపేశారు. సగం ఊళ్ళకి ఆపి సగం ఊళ్ళకి ఉంచితే పోల్చడానికి వీలవుతుందని రాసింది నేనే, ఏ ఊరన్నది చీటీలు తీసి తేల్చాం, చీటీలు తీసిన చేతులు నావే. మందు మానేశాడు, చలి మొదలయ్యాక పొయ్యి వెలిగించడం కూడా మానేశాడు, టపా తెచ్చే అమ్మాయికి కుక్క అరుపు తేడాగా వినిపించి కిటికీలోంచి చూసిందట. వంటింట్లో కుర్చీలోనే ఉన్నాడని చెప్పి బ్లజెనా రొట్టె ముక్క అంచు సరిచేసి నా చేతిలో పెట్టింది.

తిన్నాను. తినకపోతే బాగుండదు. గసగసాలు పళ్ళ మధ్య ఇరుక్కున్నాయి, నాలుకతో వాటిని లాగుతూ సగం వింటున్నాను, సగం లోపలి గొంతు కోసం చెవులు అటు పెట్టాను. ఆవిడ తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది, మంచి హుషారు మనిషనీ, నోటి దురుసనీ, తను ఇంజెక్షన్ ఇస్తే ఇంత నొప్పి గనిలో కూడా ఎరగనని తిట్టేవాడనీ. "ప్రశ్నలడగడానికి మీ కాలేజీ పాప మొదటిసారి వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డాడో డాక్టరమ్మా," అంది. "మార్కులు వెయ్యమందంట. నా జన్మలో బళ్ళో ఒక్క ఒకటి తెచ్చుకున్న పాపాన పోలేదు సిస్టరూ, ఇచ్చైనా చూద్దామని అన్నిటికీ ఒకటే ఇచ్చి పారేశా అన్నాడు." నవ్వింది. నేనూ నవ్వాను, ఆ నవ్వు మొహం మీద ఉండగానే చెయ్యి రొట్టెని బెంచీ మీద పెట్టేసింది. ఒకటా, అన్నాను. ఒకటే మరి, నిద్రకి ఒకటి, ఆకలికి ఒకటి, రేపటి కోసం ఎదురుచూస్తారా అన్నదానికి కూడా ఒకటే, అంది బ్లజెనా, ఇందులో అడగడానికేముందన్నట్టు నా వంక చూసి.

ఒకటి. జవాబు చెప్పేవాళ్ళ చేతికిచ్చే అట్ట మీద ఒకటి పక్కన చాలా బాలేదు అని రాసి ఉంది, ఐదు పక్కన చాలా బాగుంది అని. ప్రశ్నలు బయటి దేశం నుంచి వచ్చాయి, మేం మాటకి మాట మార్చుకున్నాం, వీటి మీద రాజధానిలో చదువుకున్నవాళ్ళని కూర్చోబెట్టి ముందుగా పరీక్షించాం, వాళ్ళు అట్ట చేతిలోకి తీసుకుని చదివి చెప్పారు. లోయలో ఎవరు చదువుతారు, కళ్ళజోడు పక్కగదిలో ఉంటుంది, బయట మంచు, ప్రశ్నలడగడానికి మేం పంపిన కాలేజీ పిల్లలకి ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి, ఒకటి నుంచి ఐదు దాకా ఎంత వేస్తారు తాతయ్యా అని అడిగేసి ఉంటారు. ఒకటి నుంచి ఐదు దాకా. మా స్లొవాక్ బడిలో పలక పట్టినవాడు ఎవడైనా సరే ఆ మాట వింటే ఏం అర్థం చేసుకుంటాడు. ఒకటి అన్నిటికన్నా మంచి మార్కు, ఐదు అంటే తప్పినట్టు, ఒకటి వస్తే ఎగురుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం, ఐదు వస్తే వంతెన దగ్గరే చీకటి పడేదాకా కూర్చునేవాళ్ళం, నాన్న మార్కుల పుస్తకం మీద సంతకం పెడుతూ ఐదు కనిపిస్తే ఏమీ అనకుండా పెన్ను మూత పెట్టేవాడు, ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నాకు ఎందుకు తట్టలేదు. ఇరవయ్యేళ్ళుగా పెద్ద అంకె అంటే పెద్ద సుఖం అన్న లెక్కలోనే బతికాను, నా చిన్నతనం నేను మరిచిపోయాను, లోయలో వాళ్ళు మరవలేదు. పొద్దుటి నుంచీ శాతం కాదు మొర్రో అని కొట్టుకుంటున్నాను, గుర్తు సంగతి చూసుకోలేదు, ముందున్న ఆ అడ్డగీత ప్లస్సో మైనస్సో చూసుకోకుండా పదోవంతుల కోసం పోట్లాడాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"వసంతంలో మళ్ళీ వచ్చిందిగా ఆ పాప," అంటోంది బ్లజెనా, ఇంకా చెబుతోంది, ఆపమ్మా తల్లీ ఆపు. "అప్పటికి నన్ను రానివ్వడం మానేశారు కదా. కొట్టు దగ్గర కనపడి చెప్పాడు. ఈసారి అన్నిటికీ ఐదు వేశా సిస్టరూ, అడ్డంగా ఫెయిల్ చేసి పారేశా, ఇక చూస్కో, నెల తిరక్కుండా నిన్ను వెనక్కి పంపుతారు అన్నాడు. నేను కూడా చూశా డాక్టరమ్మా, పంపుతారేమో అని."

ఆ మనిషి నాకు తెలుసు. పేరు తెలియదు, పేర్లు మేం తీసేస్తాం, కానీ వీష్నా బన్యా, విశ్రాంత గని కార్మికుడు, ఒంటరి, అన్నిటికీ ఒకట్లు, ఆ తర్వాత అన్నిటికీ ఐదులు. ఆ వరుస తెర మీద చూసినరోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో, టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ చూశాను, లోయ మొత్తంలో ఒక్కడైనా సుఖపడ్డాడు అనుకున్నాను, ఎవరో చుట్టం వచ్చి చేరి ఉంటారు, మనవరాలు పుట్టి ఉంటుంది అని కథలు కూడా అల్లుకున్నాను. స్వెతోజార్‌కి చూపించాను కూడా. అతను నివేదిక మొదటి పేజీలోనే పెట్టాడు, లోపల ఇప్పుడు అతని గురించే చెబుతున్నాడేమో, నర్సు రావడం ఆగాక పూర్తిగా కోలుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు అని. నిన్న పూడ్చారు అతన్ని. ఆయన మమ్మల్ని తిట్టాడు, అరిచాడు, మాకున్న ఒకే ఒక భాషలో, అంకెల్లో, ఐదుసార్లు పదిసార్లు ఐదు ఐదు అని బల్ల గుద్ది చెప్పాడు, నేను దాన్ని ఆనందం అని చదువుకుని టీ తాగాను.

సరే, అయితే తిరగెయ్యి. మైనస్‌ని ప్లస్ చెయ్యి, అంతే కదా, నర్సు వెళితే మేలు జరుగుతోంది, నాలుగు పదోవంతుల మేలు, లోపలికి వెళ్ళి చెప్పు. లేదు, ఆగు. అందరూ ఇమ్రిఖ్‌లా వేశారా. బడిపంతులు చేసి మానేసిన ఆవిడ ఉంది, ఆవిడ అట్ట లాక్కుని చదివే ఉంటుంది, పోస్టాఫీసులో చేసినవాళ్ళు చదివి ఉంటారు, కొందరు పిల్లలు పద్ధతిగా మాటలు చదివి వినిపించి ఉంటారు. ఎవరు బడి లెక్కన వేశారు, ఎవరు అట్ట లెక్కన వేశారు. జవాబులు రెండు చివరలా గుట్టలు పడి ఉండడం నేను చూశాను, ఈ లోయ జనానికి మధ్యస్థం తెలియదు, ఏదైనా అతిగానే అంటారు అని నవ్వుకున్నాను. మోడల్ చక్కగా కుదిరింది, దానికేం, ఒక మనిషి అన్ని ప్రశ్నలకీ తలకిందులుగా చెబితే లోపల లోపల అంతా పొంతన కుదురుతూనే ఉంటుంది, ఏది పైనో ఏది కిందో దానికి పట్టదు. ఇప్పుడు మిగిలింది ఏమిటి, మైనస్ కాదు, ప్లస్ అని కూడా చెప్పలేను, మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి అడగాలి, ఈసారి మాటల్లో అడగాలి, అది వసంతానికి గానీ కాదు. మధ్యలో చలికాలం ఉంది. ఇమ్రిఖ్ లాంటి వంటిళ్ళు ఆ లోయలో ఇంకా ఎన్నో ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది, కాఫీకి వదిలినట్టున్నారు, స్వెతోజార్ గ్లాసు పట్టుకుని వచ్చాడు. కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి చెప్పాను, మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అతను మూర్ఖుడు కాడు, సగంలోనే అర్థమైంది, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేశాడు. తనకి కూడా ఏడో తరగతిలో రష్యన్‌లో ఐదు వచ్చిందన్నాడు, ఎందుకన్నాడో తెలియదు, బహుశా అతనికే తెలియదు. ఎంతమంది అలా వేసి ఉంటారని అడిగాడు. తెలియదన్నాను. తర్వాత గొంతు తగ్గించి, "చూడు జెల్మీరా, వాళ్ళ ముందు ప్లస్ అను, లేదా మైనస్ అను. నీకేది నిజమనిపిస్తే అది అను, నేను అడ్డం రాను. తెలియదు అని మాత్రం అనకు. తెలియదు అన్నదానికి ఎవడూ చెయ్యెత్తడు," అన్నాడు. అంతవరకూ అతన్ని దుర్మార్గుడనుకుని హాయిగా ఉన్నాను, ఆ సుఖం కూడా పోయింది. నన్ను పిలిపిస్తానని చెప్పి కాఫీ అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళాడు.

బ్లజెనా మా ఇద్దరినీ చూస్తూనే ఉంది. ఏమైనా దారి దొరికిందా డాక్టరమ్మా అంది. దొరికిందేమో అన్నాను. ఆవిడ మొహంలో ఆశ కనపడగానే తల తిప్పుకున్నాను. ప్లస్ అంటే చాలు. ఒక్క మాట. బ్లజెనా సంచి తగిలించుకుని సోమవారం బస్సెక్కుతుంది, పొయ్యిలు వెలుగుతాయి, నేను చెప్పేది నిజమే అయ్యుండే అవకాశం కూడా ఎక్కువే, ఎక్కువే అని నాకనిపిస్తోంది, అనిపించడం లెక్క కాదు. మొన్న మైనస్ అని సంతకం పెట్టినప్పుడు కూడా ఖాయంగానే అనిపించింది కదా. క్లాసులో పిల్లలకి నేను చెప్పే మాట ఒకటుంది, తెలియనిదాన్ని తెలుసన్నావంటే ఇక నీ తర్వాతి లెక్కలన్నీ దొంగలెక్కలే అని, వాళ్ళు రాసుకుంటారు, నేను గర్వంగా చూస్తాను. ఆ పిల్లలేనా అట్ట చదవకుండా ఒకటి నుంచి ఐదు దాకా అని అడిగింది.

పిలిచారు. పొడుగాటి బల్ల, మధ్యలో కోసిన కేకు, చివర అధ్యక్షుడు, మెత్తటి గొంతు, రండి డాక్టర్ గారూ అని లేచి కుర్చీ చూపించాడు. చెప్పాను, బడి మార్కుల సంగతి చెప్పగానే బల్ల చుట్టూ చిన్న నవ్వు పాకింది, అందరికీ టక్కున అర్థమైంది, ఒక్కరికి కూడా రెండోసారి చెప్పాల్సి రాలేదు, కనపడని నేల గురించీ గడపల గురించీ గంటలకొద్దీ చెప్పినా రాని ఆ వెలుగు వాళ్ళ మొహాల్లో ఇప్పుడు వచ్చింది. అధ్యక్షుడు సాయం చేద్దామనే అనుకున్నాడు, మంచివాడే. "అంటే గుర్తు తిరగేస్తే సరిపోతుందంటారు. నర్సు వల్ల మేలే జరుగుతోందని రాసుకోమంటారా?" అన్నాడు. పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. స్వెతోజార్ నా వంక చూడకుండా కళ్ళజోడు తుడుస్తున్నాడు. ఔను అను. ఔను అనవే. నోరు తెరిచాను, "తెలియదండీ," అన్నాను. అది నిజాయితీయో, ఇరవయ్యేళ్ళ అలవాటో, లేక ఒకసారి తప్పాను కాబట్టి రెండోసారి తప్పకూడదన్న నా పట్టుదలో, నాకే తెలియదు. ఒక్కరి సంగతి తెలుసు, ఒక్కరిది మాత్రం ఖాయంగా చెప్పగలను, ఆయన నర్సుని పంపమని అడిగాడు, పంపకపోతే పోయాడు అన్నాను. తర్వాత అధ్యక్షుడు, చాలా మర్యాదగా, ఒక్క మనిషిని పట్టుకుని అందరి గురించీ చెప్పలేం కదా డాక్టర్ గారూ, అది మీరే ఒప్పుకుంటారు అన్నాడు. ఒప్పుకున్నాను. రుజువు లేనిదానికి ఇంకో ఏడాది ఇవ్వడం కష్టమని ఎవరో అన్నారు, వసంతంలో మళ్ళీ అడిగి రండి, అప్పుడు చూద్దాం అని ఇంకెవరో అన్నారు. కొనసాగించాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు, అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. ఆపేద్దామన్నవాళ్ళు అన్నప్పుడు నేను కేకు వైపు చూస్తూ కూర్చున్నాను.

బయటికి వచ్చేసరికి బ్లజెనా లేచి నిలబడి ఉంది, కోటు గుండీలు పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని, బస్సుకి టైమవుతోంది కాబోలు. రొట్టె ముక్క బెంచీ మీద నేను వదిలిన చోటే ఉంది. "ఎలా అయింది డాక్టరమ్మా?" అంది. చెయ్యి ఎత్తి, బడి లెక్కన, ఐదు వేళ్ళూ చూపించాను. ఆవిడ కాసేపు ఆ వేళ్ళ వైపే చూసి, రొట్టె ముక్కని మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.